కడలి పోకడను కొలిచే రేడార్

రేడార్ అనగానే విమానాలను పసిగట్టే యంత్రమే మనకు స్ఫురిస్తుంది. ఒడ్డున నిలిచి, సుమారు 200 కిలోమీటర్ల దూరంలో సముద్రజలం ఎటు ప్రవహిస్తున్నదో తెలిపే రేడార్లు కూడా కలవు. విమానాలను చూసే రేడార్ కిరణాలు దాదాపు ఋజుమార్గంలో పోతాయి గనుక భూమి వంపు వాటికి అడ్డు. 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు గల రేడియో తరంగాలు మాత్రం విద్యుద్వాహకమైన ఉప్పునీటిని అంటిపెట్టుకొని దిక్చక్రాన్ని దాటిపోగలవు.

న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు డగ్లస్ క్రోంబీ 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలను కడలిపైకి పంపి, తిరిగివచ్చిన వాటిని పరిశీలించి 1955లో ఫలితాలను ప్రకటించాడు. సముద్రతలం ఎంత క్రమరహితంగా ఉన్నా, వాటి పౌనఃపున్యంలో సుమారు 0.38 హెర్ట్జ్ మార్పు స్పష్టంగా కనిపించింది. ఇందులోని మర్మమేమి? ఆ రేడియో తరంగదైర్ఘ్యం 22 మీటర్లు. అందులో సగం, అనగా 11 మీటర్ల ఎడంతో రేడార్‌కు ఎదురుగా వచ్చే అలలు, లేదా దూరంగా పోయే అలలు వెనుకకు పంపిన తరంగాలే ఒకదానితోనొకటి కలిసి బలపడతాయి. స్ఫటికాలలో ఎక్స్-కిరణాలకు బ్రాగ్ చెప్పిన నియమం వంటిదే ఇది. అన్ని అలలలోనూ ఒక్క కొలత గల అలనే రేడార్ ఏరుకొంటుందన్నమాట!

లోతునీటిలో అల వేగం దాని దైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. 4.4 మెగాహెర్ట్జ్ రేడార్ ఏరుకొనే 34 మీటర్ల అల సెకనుకు 7.3 మీటర్లు సాగాలి. రేడార్ 7.8 అని చూపితే, అదనపు అర మీటరు ప్రవాహానిదే. ఏటివాలున పోయే పడవకు ఏరు తన వేగాన్ని కలిపినట్లే ఇదీను.

ఎదురుగా వచ్చే అలల సంకేతం, దూరంగా పోయే అలల సంకేతం, ఈ రెండింటి బలాబలాలను పోల్చి గాలి దిశను ఊహిస్తారు. అలల ఎత్తును వాటి పక్కనుండే క్షీణసంకేతాల నుండి రాబట్టాలి. గనుక ప్రవాహపు కొలతపై ఉంచగలిగినంత నమ్మకం దీనిపై ఉంచలేము. ఒక్క రేడార్‌కు తనవైపు, తననుండి జరిగే చలనమే తెలుస్తుంది. పూర్తి దిశ తెలియడానికి రెండు కావాలి.

మన దేశంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వీటిని ఆంధ్రతీరంతో సహా పలుచోట్ల జంటలుగా నెలకొల్పింది. ఆ సమాచారం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రానికి చేరుతుంది. మన తూర్పుతీరం వెంబడి ప్రవాహం ఫిబ్రవరి నుండి మే వరకు ప్రధానంగా ఉత్తరానికి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. నడుమ సుడులు దానిని తారుమారు చేస్తుంటాయి. ఇంజను ఆగిన జాలరి పడవ సెకనుకు అర మీటరు ప్రవాహంలో చిక్కితే, పన్నెండు గంటలలో దాదాపు 22 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. తెల్లవారి వెదకబోయేవారు ముందుగా తెలుసుకోవలసినది, ఎటు అన్నదే.