రెండు సబ్జెక్టులు పోయాయని చదువు మానేస్తానంటున్నాడు

ప్రశ్న: మా తమ్ముడు గిరిజన ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియంలో చదివాడు. బీటెక్ మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ పోయాయి. మానేస్తానంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక అక్క, పాడేరు

జవాబు: మాననివ్వకండమ్మా. రెండు బ్యాక్‌లాగ్‌లు తెలివికి కొలత కాదు. ముందు ఒకటి అడగండి: లెక్కలు ఎవరితో కలిసి చేస్తున్నాడు? ఇదెందుకు అడుగుతున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను.

1970ల్లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే గణిత బోధకుడు కాలిక్యులస్ తప్పుతున్న నల్లజాతి విద్యార్థులను దగ్గరగా గమనించాడు. వాళ్లు కష్టపడేవాళ్లే, కానీ ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా చదివేవారు. చైనా మూలాలున్న విద్యార్థులు మాత్రం కూడి చర్చించుకునేవారు. ఆయన వెనకబడినవాళ్లకని వేరే తేలిక పాఠాలు పెట్టలేదు. జట్లుగా కూర్చోబెట్టి ఇంకా కఠినమైన లెక్కలిచ్చాడు. ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. పిల్లల మీద ఆయన ఉంచిన ఆ నమ్మకమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

మీ తమ్ముణ్ణి కూడా నలుగురితో కలిసి రోజూ లెక్కలు చేయమనండి. చర్చ తెలుగులోనే సాగనివ్వండి, జవాబు మాత్రం ఇంగ్లీషులో రాయాలి. పాత ప్రశ్నపత్రాలు సీనియర్లను అడగమనండి. సప్లిమెంటరీ ఫీజు గడువు దాటనివ్వకండి. వీలైతే ఈ వారమే తమ్ముడి దగ్గరికి వెళ్లి మాట్లాడండి.