మడమనుండి తీసిన రక్తపు చుక్క

కొన్ని వ్యాధులు పసికందు ముఖము చూచిన తెలియవు. మెడలోని థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని శిశువు తొలిదినములలో తక్కిన శిశువులవలెనే యుండును. చికిత్స ఆలస్యమైనచో బుద్ధివికాసము కుంటుపడును. మొదటి రెండు వారములలోనే మందు మొదలిడినచో ఆ బిడ్డ అందరివలె పెరిగి చదువుకొనగలదు.

మడమనుండి తీసిన రక్తపు చుక్కలను వడపోత కాగితముపై ఆరబెట్టి పరీక్షించు పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గత్రీ 1963లో ప్రకటించెను. తెలుగునాట 2000 సంవత్సరమున హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో ఇట్టి పరీక్షలు ఆరంభమైనవి. 18,300 మంది శిశువులను పరీక్షింపగా, సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపమున్నట్లు తేలెను.

పరీక్షాశాల ఎంత గొప్పదైనను, రక్తము తీయుటలో లోపమున్నచో ఫలితము తప్పును.

మొదటిది సమయము. పుట్టిన తొలి 24 గంటలలో థైరాయిడ్‌ను ప్రేరేపించు హార్మోను రక్తములో సహజముగానే హెచ్చును. అప్పుడు తీసిన రక్తము లేని వ్యాధిని ఉన్నట్లు చూపవచ్చును. శిశువు పాలు త్రాగకముందే తీసినచో, మాంసకృత్తుల జీవక్రియకు సంబంధించిన కొన్ని వ్యాధులు బయటపడకపోవచ్చును. కనుక సాధారణముగా 24 గంటలు దాటిన పిదప, 72 గంటలలోపుగా తీయుదురు.

రెండవది తీయు విధము. మడమను వెచ్చచేసి, తుడిచిన స్పిరిటు ఆరిన తరువాత, ప్రక్కభాగమున గ్రుచ్చవలెను. మొదటి బొట్టును తుడిచివేయవలెను. గట్టిగా పిండినచో కండలోని నీరు కలిసి రక్తము పలుచబడును. ఉన్న వ్యాధి దాగిపోవచ్చును. కాగితముపై బొట్టుమీద బొట్టు వేసినచో కొలత తప్పును.

మూడవది ఆరబెట్టుట. కాగితమును చదునుగా, నీడలో, కనీసము మూడు గంటలు ఆరనీయవలెను. వేడియు తేమయు బయోటినిడేస్ వంటి ఎంజైములను చెరచును. అప్పుడు శిశువులో ఉన్న ఎంజైము లేనట్లు కనబడును. ఎండకు మాడి, వానకు నానెడి మన ప్రాణహిత, గోదావరి తీరమున ఈ జాగ్రత్త మిక్కిలి అవసరము.

తల్లిదండ్రులకు ఒక మాట. మరల రక్తము కావలెనని కబురు వచ్చినచో బిడ్డకు వ్యాధి ఉన్నదని కుమిలిపోవలదు. మొదటి చుక్క సరిగా రాకపోయి యుండవచ్చును. అట్లని మానుకొనుటయు తగదు. పురిటికై నది కావలనున్న పుట్టింటికి పోవు తల్లులు, బిడ్డ పుట్టిన వేళను, తాముండు ఊరిని, ఫోను సంఖ్యను సరిగా వ్రాయించవలెను. మరాఠీలో వ్రాసినదానిని చదివించుకొని వినవలెను. చక్కగా తీసిన చుక్కయైనను, దాని ఫలితము తల్లికి చేరినప్పుడే బిడ్డను కాపాడును.