‘బస్’ అంటే కూసోవాలా, ఆపాలా?

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు ముందు నుంచే తగ్గుతూ వచ్చిన చెరకు ఆ తర్వాత మరీ తగ్గి, ఆ చేలల్లో వరి లేచింది. వరి పెరిగితే రైస్‌మిల్లులు, మిల్లులుంటే గోదాములు, గోదాముకో గేటు, గేటుకో వాచ్‌మన్. చాలాచోట్ల అతనికి టార్చిలైటు, కర్రతోపాటు ఓ కుక్కనూ అప్పజెపుతారు. ఆ కుక్కతో ఎట్లా మెలగాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు మాట సంగతి చూద్దాం. మహారాష్ట్ర సరిహద్దు కాబట్టి ఇక్కడ ఒకే గేటు దగ్గర మూడు నాలుగు భాషలు నడుస్తాయి. మరాఠీ మాట్లాడే గుమాస్తా ‘బస్’ అంటే కూసోమని. ఉర్దూ మాట్లాడే లారీ డ్రైవరు ‘బస్’ అంటే ఇక చాలని. హమాలీ ‘కూసో’ అంటాడు, సేటు కొడుకు ‘సిట్’ అంటాడు. కుక్కకు భాష లేదు, చప్పుడే గుర్తు. ఒకే చప్పుడుకు పూటకో అర్థం ఉంటే అది వినడం మానేస్తుంది. మనమేమో మొండిదని పేరు పెడతాం.

అందుకే పనిలో చేరగానే అయిదు మాటలు ఖాయం చేసుకోండి: రా, కూసో, ఆగు, వదులు, చాలు. ఏ భాషలోనైనా సరే, మార్చకూడదంతే. గేటు గది గోడ మీద రాసిపెట్టి, మిల్లులో అందరూ అవే వాడాలని సేటును అడగండి. ఒక్కసారి చెప్పి ఆగండి. ‘రా, రా, రా’ అని పదిసార్లు అరిస్తే పదోసారికి వచ్చినా చాలన్నది దానికి అలవాటవుతుంది. ‘రా’ అని పిలిచి తిట్టారో, పిలిచిన ప్రతిసారీ గొలుసు వేశారో, ఆ మాట చెడిపోయినట్టే. మిల్లు నడుస్తుంటే మాట ఎలాగూ వినపడదు కాబట్టి ప్రతి మాటకూ ఒక చేతి సైగ జతచేయండి. చాలా కుక్కలు మాటకన్నా సైగనే త్వరగా పట్టుకుంటాయి.

రెండోది సమయం. కూసున్న క్షణంలోనే మెచ్చుకుని రొట్టె ముక్క పెట్టాలి. జేబులో వెతికి తీసేలోపు అది లేచి నిలబడితే, నిలబడినందుకు ముక్క దొరికిందనుకుంటుంది. తిండికి ముందు, లారీలు లేని వేళ, అయిదు నిమిషాలు చాలు. గంటసేపు సాగదీస్తే ఇద్దరికీ విసుగే. మెచ్చుకునే గొంతులో మెప్పు నిజంగా ఉండాలి. బుడాపెస్ట్‌ శాస్త్రవేత్తలు కుక్కలను స్కానర్‌లో పడుకోబెట్టి వాటి మెదడు చూశారు. మెచ్చుకోలు మాట, మెచ్చుకోలు స్వరం రెండూ కలిసినప్పుడే సంతోషాన్ని పుట్టించే భాగం బాగా స్పందించిందని 2016లో ప్రకటించారు. చిరాకు గొంతుతో అన్న శభాష్‌తో పని జరగదన్నమాట.

ఇక దెబ్బల విషయం. రాత్రి బస్తా చింపిన కుక్కను పొద్దున కొడతారు. ‘తప్పు చేసినట్టు మొహం పెట్టింది చూడు’ అంటారు. అమెరికాలో కుక్కల ప్రవర్తనపై పరిశోధించే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదు, యజమాని తిడుతున్నాడా లేదా అన్నదే కారణమని తేలింది. పొద్దున పడిన దెబ్బతో కుక్క నేర్చుకునేది ఒకటే, పొద్దున మీ దగ్గరికి రావద్దని.

గుర్రుమంటే అసలే కొట్టకండి. అది మీకిచ్చే నోటీసు. గుర్రు మాన్పిస్తే కోపం పోదు, నోటీసే పోతుంది. ఆ తర్వాత నేరుగా కరుస్తుంది. గుర్రుకు ముందే ఒళ్లు మాట్లాడుతుంది: మొహం పక్కకు తిప్పడం, నిద్ర రాకున్నా ఆవులించడం, పెదాలు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనపడటం, కదలకుండా బిగుసుకుపోవడం. తోక ఊపితే స్నేహమనుకోవద్దు. తోక పైకి నిక్కి, బిర్రుగా, చిన్నగా ఊగుతుంటే దూరం జరగాలి. రోజంతా గొలుసుకు కట్టి రాత్రి వదిలితే కాపలా గట్టిగా ఉంటుందని కొందరి నమ్మకం. అట్లాంటి కుక్క దొంగనూ హమాలీనీ ఒకేలా చూస్తుంది. కాపలాకు మొరిగితే చాలు, కరవనక్కర్లేదు. కుక్క విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చని సేటుకు గుర్తుచేయండి.

ఇక బయటి నుంచి వచ్చేవాళ్ల సంగతి. డెలివరీ వాళ్లు, మీటర్ రీడర్లు కొత్త గేటు ముందు పరుగెత్తకూడదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పెంపుడు కుక్క తరిమితే ఓ డెలివరీ యువకుడు మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. బెల్ కొట్టండి, కుక్కను కట్టేదాకా బయటే నిలబడండి. మీదికొస్తే కళ్లలోకి చూడకుండా, పక్కకు తిరిగి, మెల్లగా వెనక్కి జరగండి, బ్యాగును అడ్డం పెట్టుకోండి. గేటు గదిలోనే కాపురముండే వాచ్‌మన్లు చిన్నపిల్లలను కుక్కల దగ్గర ఒంటరిగా వదలొద్దు, పెంచినదైనా, వీధిదైనా.

కరిస్తే గాయాన్ని పారే నీళ్లలో సబ్బుతో పావుగంట కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. మిల్లు కుక్కే కదా అని ఆగొద్దు.

కాపలా ఏజెన్సీలకు ఒక్క విన్నపం. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో కుక్కతోపాటు దాని హ్యాండ్లర్‌కూ శిక్షణ ఇస్తారు. మీరు మాత్రం వాచ్‌మన్‌ను తరచూ మారుస్తారు, కుక్కను అక్కడే ఉంచుతారు. మార్చక తప్పకపోతే పాతవాణ్ణీ కొత్తవాణ్ణీ ఓ వారం కలిపి డ్యూటీ వేయండి. ఆ వారం జీతం ఇద్దరికీ ఇవ్వండి.