ఇంటినుండి వాయిదా: గ్రామీణులు తెలిసికొనవలసిన సంగతులు

వ్యాజ్యమున చిక్కుకొనిన రైతునకు న్యాయస్థానమెంత దూరమున నున్నదన్నది చిన్న సంగతి కాదు. చిట్యాల మండలమందలి పల్లెలనుండి వాయిదాకు వెళ్ళిన కూలివాడు ఆ దినపు కూలిని, బస్సు ఛార్జీని కోల్పోవును. ప్రత్తి తీయు దినములలోనైనచో నష్టము మరింత హెచ్చు. ఈ మండలము పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో భూపాలపల్లి కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2022 జూనులో న్యాయజిల్లాలను సైతము కొత్త జిల్లాల ననుసరించి ఏర్పరచిరి. ఇందువలన జిల్లా కోర్టు చేరువైనది. హైకోర్టు మాత్రము హైదరాబాదుననే కలదు.

మిగిలిన దూరమును తగ్గించుటకు నేడు యంత్రము తోడ్పడుచున్నది. దూరముననున్న సాక్షిని తెరపై చూచుచు సాక్ష్యము గ్రహింపవచ్చునని సుప్రీంకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయి కేసున తీర్పు చెప్పెను. కరోనా వ్యాధి వ్యాపించిన 2020వ సంవత్సరమున, ఏప్రిల్ 6న, ఆ న్యాయస్థానమే వీడియో ద్వారా విచారణలు జరుపుటను గూర్చి దేశమందలి కోర్టులకు ఉత్తరువు లిచ్చెను. ఇ-కోర్టుల పథకపు మూడవ దశకు కేంద్ర మంత్రివర్గము 2023 సెప్టెంబరులో 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసినది.

అయితే యంత్రము దారిని తగ్గించును గాని, దానంతట అది న్యాయము చేకూర్చజాలదు. తగిన సెల్‌ఫోనుగాని, సరియగు సిగ్నలుగాని లేని వృద్ధురాలికి తెరపై విచారణ వలన ప్రయోజనమేమి? మాట తెగితెగి వినవచ్చునపుడు సాక్షి దేనికి ‘అవును’ అనెనో అతనికే తెలియకపోవచ్చును. వకీలు ఒకచోట, కక్షిదారు మరొకచోట నున్నపుడు వారిరువురు రహస్యముగా మాటలాడుకొనుట కష్టము. పొలము సరిహద్దును గూర్చిన దావాలో ఇట్టి పొరపాటొకటి చాలును, కుటుంబపు జీవనాధారము చేజారును.

ఈ చిక్కులను సుప్రీంకోర్టు నాడే గమనించినది. వీడియో సౌకర్యము లేని కక్షిదారులకు కోర్టులే ఆ సౌకర్యము కల్పింపవలెనని 2020 నాటి ఉత్తరువు చెప్పుచున్నది. మాట, బొమ్మ సరిగా రానిచో ఆ ఫిర్యాదును విచారణ సాగుచుండగనే, లేదా ముగిసిన వెంటనే తెలుపవలెను. పిమ్మట తెలిపినచో అంగీకరింపరు. ఈ విషయము తెలియకనే పలువురు మౌనము వహింతురు.

కావున మేము చెప్పునదేమనగా:

మొదటిది, వినబడనిచో సిగ్గుపడక, ‘అయ్యా, వినబడలేదు’ అని వెంటనే చెప్పుడు. అర్థము కాని ప్రశ్నకు జవాబీయకుడు. స్వయముగా హాజరగుటయే మేలని తోచినయెడల మీ వకీలుద్వారా కోర్టును ముందుగనే వేడుకొనుడు.

రెండవది, ప్రతి కేసునకు అక్షరములు, అంకెలు కలసి 16 గల సి.ఎన్.ఆర్. సంఖ్య యుండును. దానిని వ్రాసి యుంచుకొనుడు. ఇ-కోర్టుల యాప్‌లో ఆ సంఖ్యతో వాయిదా తేదీని ఉచితముగా చూడవచ్చును.

మూడవది, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధములో నున్నవారు ఉచితముగా వకీలును పొందవచ్చును. నిర్ణీత ఆదాయమునకు లోబడిన ఇతరులకు సైతము ఈ హక్కు కలదు. 15100 సంఖ్యకు ఫోను చేసిన సహాయము లభించును. న్యాయ సలహాకు 14454 కలదు.

నాలుగవది, వీడియోలో పోలీసు దుస్తులతోనో, జడ్జి వేషముతోనో కనబడి, ‘నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, డబ్బు పంపుము’ అనువాడు మోసగాడు. అట్టి అరెస్టు మన చట్టమున లేదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930కి తెలుపుడు.

చదువుకొనిన యువజనులు ఈ విషయమున తమ గ్రామమునకు మేలు చేయగలరు. ముసలివారికి ఫోను అమర్చియిచ్చుట, వాయిదా తేదీ చూచి చెప్పుట వారికి సులభమైన పని. అయితే విచారణ సమయమున సాక్షికి జవాబులు అందింపరాదు. ఫోను మరియొకరు పట్టుకొనవచ్చును గాని, సాక్ష్యము మాత్రము సాక్షి నోటినుండియే రావలెను.