కొనాలా, చేసుకోవాలా? ఒక వీడియో గేమ్ క్యాసెట్ లెక్క

బి.కాం. చదివే పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్‌లో 'మేక్ ఆర్ బై' అనే లెక్క వస్తుంది. ఒక వస్తువు బయట కొనాలా, మనమే తయారు చేసుకోవాలా అన్నదే ఆ లెక్క. పుస్తకాలలో ఎప్పుడూ ఫ్యాక్టరీ ఉదాహరణే ఉంటుంది. ఈసారి కామాటిపురాలో మా చాల్‌లోనే, పక్క ఖోలీలో వచ్చిన లెక్కను చెబుతాను.

ఆ ఇంటి అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండవ సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ల నాన్న 1990లలో లామింగ్టన్ రోడ్డులో కొన్న టీవీ వీడియో గేమ్ నేటికీ పనిచేస్తోంది గాని క్యాసెట్లు పాడైపోయాయి. స్కాలర్‌షిప్ 10,000 రూపాయలు ఖాతాలో పడగానే విదేశం నుంచి ఫ్లాష్ కార్ట్రిడ్జ్ తెప్పిస్తానని కూర్చున్నాడు. వాళ్లమ్మ నా దగ్గరకు వచ్చి, "మీరైనా చెప్పండన్నా, పై నెలలో పరీక్ష ఫీజు కట్టాలి" అన్నది. నేను వద్దని చెప్పలేదు. కాగితం, పెన్ను తెచ్చుకోమన్నాను.

ముందు వస్తువేమిటో తెలుసుకోవాలి. ఆ రోజుల్లో మన బజారులో అమ్మిన టీవీ గేములలో చాలావరకు జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్లే. మనం క్యాసెట్ అంటాం కాని అందులో టేపు ఉండదు. చిన్న బోర్డు మీద రెండు చిప్పులుంటాయి, ఒకదానిలో ప్రోగ్రాం, రెండవదానిలో బొమ్మలు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లే: ప్రోగ్రాం 32, బొమ్మలు 8. ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లో అయితే ఎస్‌డీ కార్డు పెడతారు. ఎవర్‌డ్రైవ్ వంటి వాటిలో ఎఫ్‌పీజీఏ అనే చిప్పు ఉండి, ఏ ఆట ఎంచుకుంటే ఆ క్యాసెట్ లాగా నడుచుకుంటుంది. అటువంటిది ఇంట్లో మొదటి ప్రయత్నంలో చేయడం కుదిరే పని కాదు. అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు.

ఇక కొనుగోలు లెక్క. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీరు కొనేనాటి ధరలు కనుక్కొని వేసుకోగలరు. వస్తువు ధర 8,000, రవాణా 1,500, కస్టమ్స్ సుంకం 3,500. పిల్లలు మరచిపోయేది ఇంకొకటుంది. విదేశీ కరెన్సీలో కార్డు వాడితే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా అదనంగా వేస్తాయి, దానిమీద జీఎస్‌టీ 18 శాతం. ఇది సుమారు 392. మొత్తం 13,392. "ఎనిమిది వేలే కదా కాకా" అన్నవాడు ఇక్కడ కొంచెంసేపు మాట్లాడలేదు.

చవకగా దొరికేవి లేవా అంటే ఉన్నాయి. కాని ఈ పాత యంత్రాలు 5 వోల్టుల మీద నడుస్తాయి, నేటి ఫ్లాష్ చిప్పులు చాలావరకు 3.3 వోల్టులవి. మధ్యలో వోల్టేజి సరిచేసే భాగం ఉండాలి. కొందరు ఖర్చు తగ్గించుకోవడానికి దానిని మానేస్తారు. చిప్పు పాడైపోవచ్చు, నాన్నగారి యంత్రానికే దెబ్బ తగలవచ్చు. పిన్నులు కూడా లెక్కపెట్టుకోవాలి. జపాన్ రకానికి 60, అమెరికా రకానికి 72.

తయారీ లెక్కకు వద్దాం. పూర్తి ఫ్లాష్ కార్ట్రిడ్జ్ కాకపోయినా, మారియో వంటి చిన్న ఆటలకు సరిపోయే రెండు చిప్పుల క్యాసెట్ చేసుకోవచ్చు. 27సీ256 చిప్పులో 32 కిలోబైట్లు, 27సీ64లో 8 కిలోబైట్లు పడతాయి. స్థిర ఖర్చు: చిప్పులో ఆట రాసే ప్రోగ్రామర్ యంత్రం 4,500, చెరిపే యూవీ దీపం 1,500, సోల్డరింగ్ సామాను 1,000, వెరసి 7,000. ఒక్కొక్క క్యాసెట్‌కు చిప్పులు, బోర్డు, సాకెట్లు కలిపి 650. తయారైన ఒక్క ఆట క్యాసెట్ బయట 1,000కి దొరుకుతుందనుకుంటే, మనం చేసే ప్రతి క్యాసెట్‌కు 350 మిగులుతుంది. 7,000ను 350తో భాగిస్తే 20. ఇరవై క్యాసెట్లు చేస్తేగాని బ్రేక్ ఈవెన్ రాదు. ఇరవై ఎవరికి కావాలి?

అప్పుడు అడిగాను, ప్రోగ్రామర్ యంత్రం, దీపం మీ కాలేజీ ల్యాబులో ఉన్నాయా అని. ఉన్నాయన్నాడు. అయితే స్థిర ఖర్చు వెయ్యే. వెయ్యిని 350తో భాగించి, "మూడు క్యాసెట్లు చాలు" అన్నాను.

ఇక్కడ అబ్బాయి నన్ను సరిదిద్దాడు. "చిప్పులు సాకెట్‌లో పెడతాను కాకా, అతికించను. ఆట మార్చాలంటే చిప్పు తీసి చెరిపి మళ్లీ రాయడమే. మూడు బోర్డులెందుకు?" నిజమే. సామాను 1,000, ఒక బోర్డు 650, మొత్తం 1,650. బయట రెండు ఆటలు కొంటేనే 2,000. ముప్పై ఏళ్లకు పైగా లెడ్జర్లు రాసిన నాకు అది తట్టలేదు. పెద్ద ఆటలు ఇందులో నడవవు. సూపర్ మారియో బ్రదర్స్ 3 అయితే 384 కిలోబైట్లు, దానికి బోర్డు మీద వేరే కంట్రోల్ చిప్పు కావాలి. ఆ లోటు తెలిసే ఒప్పుకున్నాడు.

వాడి శ్రమకు కూలి ఎందుకు వేయలేదని వాళ్లమ్మ అడిగింది, మంచి ప్రశ్న. నేనైతే కూలి వేయవలసిందే, ఎందుకంటే నాకది పనికిరాని పని. వాడికి అదే చదువు. అదే అబ్బాయి బి.కాం. విద్యార్థి అయితే, ల్యాబు లేకపోతే, రెండూ వద్దనేవాడిని.

ఇంకొక మాట. ఆటలకు కూడా కాపీరైట్ చట్టం, 1957 వర్తిస్తుంది. పంచుకోవచ్చునని రచయితలే అనుమతించిన ఆటలు ఈ యంత్రానికి నేటికీ కొత్తవి వస్తున్నాయి. వాటితోనే మొదలుపెట్టమన్నాను.

ల్యాబులో అనుమతికి అర్జీ నేనే రాయించాను. శనివారం మధ్యాహ్నాలు ఇచ్చారు. మొదటిసారి తెర ఖాళీగా వచ్చింది. రెండు చిప్పులకూ 28 కాళ్లే కనుక ఒకదాని చోట ఒకటి పెట్టాడట. మార్చి పెడితే ఆట వచ్చింది. ఆ వారంలోనే వాళ్లమ్మ పరీక్ష ఫీజు రసీదు తెచ్చి నాకు చూపించింది.