బాలింత తలనొప్పి – మెదడు సిరల ఎం.ఆర్.ఐ. పరీక్ష

కాన్పు అయిన ఒకటి రెండు వారాలకు బాలింతకు విడవని తలనొప్పి మొదలై, రోజురోజుకూ ఎక్కువై, ఆపై ఫిట్స్ వస్తే గాలి సోకిందనో, సన్ని పట్టిందనో అనుకొనేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. తాయెత్తు కట్టించి ఎదురుచూసేలోగా విలువైన రోజులు గడిచిపోతాయి. ఇటువంటి లక్షణాల వెనుక ఉండగల ఒక జబ్బును గూర్చి, దానిని కనిపెట్టే పరీక్షను గూర్చి ఈ పాఠంలో తెలుసుకుందాం.

జబ్బు ఏమిటి?

గుండె నుండి ధమనుల ద్వారా మెదడుకు చేరిన రక్తం సిరల ద్వారా తిరిగి వెళ్తుంది. చిన్న సిరలన్నీ పుర్రె లోపల ఉన్న పెద్ద సిరల్లో కలుస్తాయి. వీటిని డాక్టర్లు సైనస్‌లు అంటారు. జలుబు చేసినప్పుడు మనం చెప్పుకొనే సైనస్ వేరు, ఇది వేరు. వీటిలో ఒకటి నడినెత్తి కింద ముందు నుండి వెనుకకు పోతుంది. అక్కడ నుండి రెండు పాయలు చెవుల వెనుకగా మెడలోకి దిగుతాయి.

ఈ సిరల్లో రక్తం గడ్డకడితే, మురుగు కాలువ పూడి నీరు ఎగదన్ని చేను మునిగినట్లే మెదడులో ఒత్తిడి పెరుగుతుంది. వాపు వస్తుంది. కొందరికి రక్తస్రావం కూడా అవుతుంది.

ఎవరికి వస్తుంది?

కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా స్త్రీ శరీరం రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. ఆ గుణం కాన్పు తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. అటువంటి సమయంలో పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు తగ్గించడం మంచిది కాదు. దాహం తీరా నీళ్ళు ఇవ్వండి.

ఇది బాలింతల జబ్బు మాత్రమే కాదు. హైదరాబాదులోని నిమ్స్ వైద్యులు 2002 నుండి 2010 వరకు చూసిన 428 మంది రోగుల వివరాలు 2012లో ప్రచురించారు. వారిలో సగానికి పైగా మగవారే. రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ పెరగడం, మద్యపానం, గర్భనిరోధక మాత్రలు ముఖ్య కారణాలుగా కనబడ్డాయి. పెళ్ళికో పండుగకో నెలసరి వాయిదా వేయడానికి మాత్రలు వాడినవారు ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఎం.ఆర్. వీనోగ్రఫీ అంటే?

"సి.టి. స్కాను బాగానే ఉందన్నారు కదా, మళ్ళీ ఇంకొక స్కాను ఎందుకు?" అని బంధువులు అడుగుతారు. ఖర్చు గనుక అడగడం న్యాయమే. అయితే ఈ జబ్బు ఉన్నా మామూలు సి.టి. స్కానులో ఏమీ కనబడకపోవచ్చు. ఎం.ఆర్. వీనోగ్రఫీ సిరలనే చూపిస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు పనిచేస్తాయి. పారుతున్న రక్తాన్ని యంత్రం గుర్తించి తెల్లని తాడులా చూపుతుంది. రక్తం ఆగినచోట ఆ తాడు తెగినట్లు ఉంటుంది. చాలాసార్లు ఇంజెక్షను లేకుండానే ఈ పరీక్ష చేయవచ్చు.

కొందరికి పుట్టుకతోనే ఒక ప్రక్క సిర సన్నగా ఉంటుంది. కనుక ఆ ఫిల్ము ఒక్కటే చూసి డాక్టరు నిర్ణయించరు. మామూలు ఎం.ఆర్.ఐ. చిత్రాలతోనూ రోగి లక్షణాలతోనూ సరిపోల్చి చెబుతారు.

పరీక్షకు వెళ్ళేటప్పుడు

తాళి, మెట్టెలు, గాజులు, పిన్నీసులు, తలపిన్నులు, వినికిడి యంత్రం, సెల్‌ఫోను బయటనే ఉంచాలి. గుండెలో పేస్‌మేకర్, తలలో ఆపరేషను క్లిప్పు, కంటిలో ఇనుపరజను, కాపర్-టి ఉంటే ముందుగా చెప్పాలి. గర్భం, మూత్రపిండాల జబ్బు ఉన్నా చెప్పాలి. యంత్రం పెద్దగా చప్పుడు చేస్తుంది, భయపడవద్దు. తల కదపకుండా పడుకుంటే అరగంట అటూ ఇటూగా పూర్తవుతుంది.

చికిత్స ఉన్నదా?

ఉన్నది. మొదట హెపారిన్ ఇంజెక్షన్లు, తరువాత కొన్ని నెలలు మాత్రలు ఇస్తారు. మెదడులో కొద్దిగా రక్తస్రావం ఉన్నా సాధారణంగా హెపారిన్ ఇస్తారు. గడ్డ ఇంకా పెరగకుండా ఆపడమే దాని పని. వేళకు చికిత్స అందినవారిలో ఎక్కువమంది కోలుకొని తమ పనులు తాము చేసుకుంటారు. మాత్రలు మధ్యలో మానకూడదు. బిడ్డకు పాలివ్వవచ్చునా అని డాక్టరునే అడగండి. చాలామంది తల్లులు ఇవ్వగలరు.

గుర్తుంచుకోండి

1. తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, కాలు చేయి పడిపోవడం, మగత – వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి రండి.

2. కాన్పు తర్వాత బి.పి. పెరిగినా ఇవే లక్షణాలు రావచ్చు. అదీ ప్రమాదమే. ఏది కారణమో ఇంటి దగ్గర తేల్చుకోలేము.

3. ఫిట్స్ వస్తే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోటిలో ఏమీ పెట్టవద్దు. 108కి ఫోను చేయండి.

4. గర్భిణిగా ఉన్నప్పుడే రక్తహీనతకు ఐరన్ మాత్రలు క్రమంగా వాడండి.

ఈ పాఠాన్ని మీ ఇంట్లో అత్తగారికీ, అమ్మగారికీ చదివి వినిపించండి. బాలింత తలనొప్పి అంటే ముందుగా వినేది వారే.