కుక్కర్‌తో కాఫీ మెషీన్ వద్దు, సిరంజితో చేద్దాం



ఈ టర్మ్ సైన్స్ ప్రాజెక్టు గురించి మాట్లాడుతుంటే 8వ తరగతి పిల్లలు కొందరు "మిస్, మేం ఎస్ప్రెసో కాఫీ మెషీన్ చేస్తాం" అన్నారు. ఐడియా చాలా బాగుంది. బలం, పీడనం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎలా చేస్తారని అడిగితే మాత్రం జవాబు విని భయం వేసింది. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసేసి, అక్కడ రబ్బరు పైపు తగిలించి, వచ్చే ఆవిరిని కాఫీలోకి వదులుతారట. వీడియోల్లో చూశారట. మీ ఇంట్లో కూడా ఈ ప్లాన్ నడుస్తుంటే దయచేసి ఈ వ్యాసం చదివాక పిల్లలతో ఒకసారి కూర్చోండి.

ముందు ప్రమాదం సంగతి. కుక్కర్‌లో ఆవిరి బయటికి వచ్చే దారి చాలా సన్నం. పైపు మడత పడినా, కాఫీ పొడి అడ్డుపడినా ఆ దారి మూసుకుపోతుంది. ఇక సేఫ్టీ వాల్వ్ ఒక్కటే దిక్కు. పైపు ఊడితే ఆవిరి నేరుగా ముఖం మీదికి వస్తుంది. 100 డిగ్రీల నీళ్ల కంటే 100 డిగ్రీల ఆవిరి ఎక్కువగా కాలుస్తుంది, ఎందుకంటే నీరు ఆవిరి కావడానికి తీసుకున్న వేడినంతా అది చర్మం మీద మళ్లీ నీరుగా మారేటప్పుడు వదిలేస్తుంది. ఈ విషయం పిల్లలకి మార్కుల కోసం తెలిసి ఉంటుంది. వంటింట్లో గుర్తు రావడం ముఖ్యం.

"వద్దు" అని ఊరుకుంటే మనం లేనప్పుడు చేస్తారు. అందుకే కుక్కర్‌తో అసలు ఎస్ప్రెసో ఎందుకు రాదో చెప్పడం మంచిది. ఆ జవాబు ఇటలీ కాఫీ చరిత్రలోనే ఉంది.

1884లో ట్యూరిన్ నగరంలో ఏంజెలో మోరియోండో అనే ఆయన ఆవిరితో నడిచే కాఫీ మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నారు. 1901లో మిలన్‌కి చెందిన లుయిజీ బెజ్జెరా ఒక్కొక్క కప్పూ అప్పటికప్పుడు తీసే మెషీన్ తయారుచేశారు. రెండింటిలోనూ నీటిని తోసేది ఆవిరే. అక్కడే చిక్కు వచ్చింది. ప్రెషర్ పెంచాలంటే ఇంకా వేడి చేయాలి. ఇంకా వేడి చేస్తే కాఫీ మాడి చేదెక్కుతుంది. మన కుక్కర్‌లోనూ ఇదే కథ. లోపల బయటి గాలి కంటే సుమారు 1 బార్ ఎక్కువ పీడనం ఉంటుంది, నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఎస్ప్రెసోకి కావలసింది సుమారు 9 బార్ల పీడనం, 90 నుంచి 96 డిగ్రీల నీరు. అంటే కుక్కర్ ఇచ్చే ప్రెషర్ చాలదు, ఇచ్చే వేడి ఎక్కువ.

9 బార్లంటే బొటనవేలి గోరంత చోట, అంటే దాదాపు ఒక చదరపు సెంటీమీటరు మీద, 9 కిలోల బరువు పెట్టినట్టు. హోటల్ మెషీన్‌లో కాఫీ పొడి వేసే గిన్నె వ్యాసం మామూలుగా 58 మిల్లీమీటర్లు. వైశాల్యం సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. లెక్క వేస్తే మొత్తం బలం దాదాపు 240 కిలోల బరువుకి సమానం! ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. అంత బలం చేత్తో ఎలా వస్తుంది? మిలన్‌కే చెందిన అకీలే గాజియా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్ప్రింగ్, పొడవాటి హ్యాండిల్ వాడారు. హ్యాండిల్ లాగితే స్ప్రింగ్ నొక్కుకుంటుంది, వదిలితే ఆ స్ప్రింగే పిస్టన్‌తో నీటిని తోస్తుంది. వేడి ఒక పని, ప్రెషర్ వేరే పని అని విడదీయడమే ఆయన తెలివి. కాఫీ మీద బంగారు రంగు నురగ, క్రేమా, మొదలైంది అప్పుడే. 1961లో వచ్చిన ఫాయెమా మెషీన్‌లో స్ప్రింగ్ పనిని మోటారు పంపు తీసుకుంది.

ఇటలీ ఇళ్లలో మాత్రం ఇంత హంగామా ఉండదు. 1933 నుంచి వస్తున్న బియాలెట్టి మోకా పాట్, ఎనిమిది పలకల అల్యూమినియం కూజా, స్టవ్ మీద పెడితే చాలు. కింది గదిలో గాలి, ఆవిరి వ్యాకోచించి నీటిని పొడి గుండా పైకి తోస్తాయి. దానికి సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఆ కంపెనీని పెద్దది చేసిన రెనాటో బియాలెట్టి 2016లో చనిపోతే అస్థికలను మోకా పాట్ ఆకారపు పాత్రలోనే ఉంచారు. నేపుల్స్‌లో ఇంకా పాత పద్ధతి ఉంది. నీళ్లు మరిగాక పాత్రను తలకిందులు చేస్తారు, కాఫీ నెమ్మదిగా కిందికి దిగుతుంది. మన ఇత్తడి ఫిల్టర్‌కి దగ్గరి చుట్టమే!

అక్కడ "బార్" అంటే కాఫీ కొట్టు కూడా. కౌంటర్ దగ్గర నిలబడి, చిన్న కప్పులో రెండు మూడు గుక్కలు తాగి వెళ్లిపోతారు. కూర్చుంటే చాలాచోట్ల రేటు ఎక్కువ. పాలు కలిపిన కపుచ్చినో పొద్దున పూట మాత్రమే, భోజనం తర్వాత అడిగితే వింతగా చూస్తారు. మన పెళ్లిళ్లలో బుస్సుమని నురగ తెప్పించి, పైన కోకో పొడి చల్లి ఇచ్చే "ఎస్ప్రెసో" వాళ్లకి చూపిస్తే గుర్తుపట్టరు. అది మాత్రం నాకు చాలా ఇష్టం, ఆ సంగతి వేరు. "లాటే" అని అడిగితే పాల గ్లాసు తెచ్చిస్తారు, ఆ మాటకి అర్థం పాలే. నేపుల్స్‌లో ఇంకో మంచి అలవాటు ఉంది. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బులిచ్చి వెళ్తారు. రెండోది తర్వాత వచ్చే, డబ్బు లేని మనిషికి. దాన్ని "కాఫే సొస్పేసో" అంటారు. పిల్లలకి బార్లీ వేయించి చేసే "ఓర్జో" ఇస్తారు, అందులో కెఫీన్ ఉండదు.

ఇక మన మెషీన్. మెడికల్ షాపులో సూది లేని కొత్త 50 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు తీసుకోండి. అడుగున పల్చటి నూలు గుడ్డ ముక్క గుండ్రంగా కత్తిరించి వేసి, రెండు చెంచాల ఫిల్టర్ కాఫీ పొడి, చెయ్యి పట్టేంత గోరువెచ్చని నీళ్లు పోయాలి. మరిగే నీళ్లు వద్దు. ఒకదాన్ని గ్లాసు మీద పట్టుకుని తనంతట కారనివ్వాలి. రెండోదాన్ని పిస్టన్‌తో నెమ్మదిగా నొక్కాలి. ఎంత టైమ్ పట్టింది, రంగులో తేడా ఏంటి, పుస్తకంలో రాయాలి. సిరంజి లోపలి వ్యాసం 28 మిల్లీమీటర్లు ఉంటే, 10 కిలోల బరువంత బలంతో నొక్కితే దాదాపు 1.6 బార్లు వస్తుంది. స్టవ్ లేకుండా, ఆవిరి లేకుండా కుక్కర్‌ని దాటేశాం! తర్వాత 10 మిల్లీలీటర్ల సిరంజితో చేయమనండి. అదే బలానికి ప్రెషర్ ఎందుకు పెరిగిందో వాళ్లే చెప్పాలి. పిస్టన్ కదలకపోతే గట్టిగా తోయకుండా పొడి తగ్గించాలి.

ఆ కాఫీ తాగకండి, సిరంజి అందుకు చేసింది కాదు. లెక్కలు రాసిన పేజీ, రెండు గ్లాసుల ఫొటో పిల్లలతో పంపితే చాలు.